మొర్దెకైని నవ్వులపాలు చేయాల్సిందే

ఎస్తేరు కథని తలచుకునే యూదుల పండగ పూరీముకి నెలా నెలన్నర ముందు, ఆ పండగకి ఆడే నవ్వుల నాటకం ష్పిల్ వేసేవాళ్లు పాత్రలు పంచుకునేటప్పుడు, ఒక తగువు తప్పకుండా వస్తుంది. మొర్దెకైకి తెల్లగడ్డం, నిలువుటంగీ, గంభీరమైన గొంతు ఇవ్వాలని ఒక పక్షం. వంకర నడక, ఆబగా తినే నోరు, అదుపులేని నాలుక ఇవ్వాలని ఇంకో పక్షం. ఈ రోజుల్లో చాలాచోట్ల మొదటి పక్షమే గెలుస్తోంది. "జాతిని కాపాడిన మనిషి, పండగపూట ఆయన మీదా ఎగతాళి?" అని అడిగితే ఎదురు చెప్పడానికి ఎవరికైనా మొహమాటమే. దాంతో నవ్వించే బరువంతా యూదుల్ని చంపించబోయిన మంత్రి హామాను మీదా, తాగుబోతు రాజు మీదా పడుతుంది. అదీ చాలక సినిమా పాటలకి పేరడీలు కట్టి అతికిస్తారు. నాటకం చప్పబడిపోతుంది.

మొహమాటం పక్కనపెట్టి చెబుతున్నాను. ష్పిల్‌లో విదూషకుడు మొర్దెకైయే కావాలి. పాత సంప్రదాయం కాబట్టి కావాలని అనడం లేదు. ఆ నాటకం ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, సినగాగులో, అంటే ప్రార్థనా మందిరంలో, ఎస్తేరు గ్రంథం చదవడం అయిపోయాక ఆడేది కాబట్టి అలా ఉండాలంటున్నాను. ఆ వరస మర్చిపోయినవాళ్లకే మొర్దెకై వెకిలితనం అపచారంలా కనిపిస్తుంది.

తెలుగు పాఠకుల్లో చాలామందికి ఎస్తేరు గ్రంథం బైబిల్లో చదివిందో, చర్చి కుర్రాళ్ల నాటికలో చూసిందో అయి ఉంటుంది. అందుకని కథ మళ్లీ చెప్పను. ఎస్తేరు పారసీక రాజు అహష్వేరోషుకి రాణి, ఆమెని పెంచిన బంధువు మొర్దెకై అని గుర్తుంటే చాలు. పేర్లు కూడా తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాస్తున్నాను.

పాత ప్రతుల్లో ఉన్న మనిషి

అహష్వేరోషు కథ మీద, యూరప్ యూదులు ఇళ్లలో మాట్లాడే యిడ్డిష్‌లో రాసిన ష్పిల్ రాతప్రతుల్లో, ఇప్పుడు మన చేతిలో ఉన్నవాటిలో పాతది 1697 నాటిది. 1708లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకటి అచ్చయింది. వాటిలో మొర్దెకై రాజు ముందు నోటికొచ్చినట్టు పేలుతాడు. బూతు దొర్లిస్తాడు. చావు కబురు మధ్యలో కూడా వెకిలి మాట విసురుతాడు. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రతుల్ని అసభ్యంగా ఉన్నాయని తగలబెట్టించారు కూడా. ఇప్పుడు వాటిని చదవాలనుకునేవాళ్లకి యిడ్డిష్ పండితుడు ఖోనె ష్మెరుక్ 1979లో జెరూసలేంలో అచ్చువేయించిన సంపుటమే ఆధారం.

ఈ మొర్దెకై ఎక్కణ్ణుంచి వచ్చాడన్నదానికి పండితులు ఇచ్చే జవాబు ఒకటుంది. పదహారో శతాబ్దం చివర్నుంచి జర్మన్ ఊళ్లలో ఇంగ్లీషు నాటక బృందాలు తిరిగేవి. వాళ్ల వెంట పికెల్‌హెరింగ్ అనే విదూషకుడు ఉండేవాడు. యూదుల వీధుల్లో ష్పిల్ కట్టినవాళ్లు వాడి మాటతీరూ వాడి చేష్టలూ తెచ్చి మొర్దెకైకి తొడిగారు. దీన్ని పట్టుకుని మర్యాద పక్షం వాళ్లు "చూశారా, అది అరువు సరుకే, మనది కాదు" అంటారు.

అరువు సంగతి నిజమే. కానీ ఆ అరువుని ఎవరికి తొడిగారో కూడా చూడాలి. అదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో, దాదాపు అవే ఏళ్లలో, యోసేపుని అన్నలు అమ్మేసిన కథని కూడా పూరీముకి ఆడారు. దాన్ని గురించి షూట్ అనే క్రైస్తవ పండితుడు 1714లో వివరంగా రాశాడు. నిప్పు, ఉరుము, రకరకాల తంత్రాలతో వేశారట. జనం విరగబడితే తలుపు దగ్గర సైనికుల్ని నిలబెట్టాల్సి వచ్చిందట. ఆ నాటకంలో కూడా పికెల్‌హెరింగ్ ఉన్నాడు. అయితే అక్కడ వాడు వేరే పాత్ర, పోతీఫరు ఇంట్లో నౌకరు. యోసేపుని ఎవరూ వెకిలి చేయలేదు. అంటే విదూషకుణ్ణి కథానాయకుడి పక్కన నిలబెట్టడం ఆ బృందాలకి బాగానే తెలుసు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు రాముణ్ణి ఏమీ అనకుండా, కథ కాస్త ఆపి బంగారక్కతో తగువు పెట్టుకుంటాడే, అలాంటి ఏర్పాటు వాళ్ల చేతిలో సిద్ధంగా ఉంది. అయినా ఎస్తేరు కథకి వచ్చేసరికి ఆ ఏర్పాటు వదిలేసి విదూషకుణ్ణి నేరుగా కథానాయకుడిలోకే దించారు. అది పొరపాటున జరిగే పని కాదు.

ఎందుకు దించారన్నదానికి కారణం పికెల్‌హెరింగ్ కన్నా వెయ్యేళ్లకి పైగా పాత పుస్తకాల్లో ఉంది.

ఆదికాండం మీది మిద్రాషులో, అంటే రబ్బీలనే యూదు మతగురువుల వ్యాఖ్యానంలో, ఒక చిన్న సంగతి ఉంది. తల్లీతండ్రీ లేని పసిబిడ్డ ఎస్తేరుకి పాలిచ్చే దాది కోసం మొర్దెకై ఊరంతా తిరిగాడట. ఎవరూ దొరక్కపోతే ఆయనకే పాలు పడ్డాయట, తనే పాలిచ్చాడట. రబ్బీ అబ్బాహు సభలో ఈ మాట చెప్పగానే జనం గొల్లుమన్నారని ఆ పుస్తకమే రాసుకుంది. ఆయనేమీ కోప్పడలేదు, మగవాడి పాల గురించి మిష్నా అనే పాత ధర్మశాస్త్రంలో శాస్త్రవాక్యం ఉందని చూపించాడు. నవ్వూ శాస్త్రమూ ఒకే పేజీలో, ఒకే మనిషి మీద. ష్పిల్ పుట్టింది ఈ మట్టిలోనే.

యూదు ధర్మశాస్త్ర చర్చల సంకలనం తల్మూదులో, మెగిల్లా అనే భాగంలో మరో మాట ఉంది. దావీదు ఆనాడు తనని శపించిన షిమీని చంపకుండా వదిలేశాడు, వాడి వంశంలో మొర్దెకై పుట్టాడు, వీడి మీద కక్షతో హామాను మా ప్రాణాల మీదికి వచ్చాడు అని ఇశ్రాయేలు సమాజమే వాపోయినట్టు రావా అనే పండితుడు చెబుతాడు. ఎస్తేరు గ్రంథం ఆఖరి వాక్యం మొర్దెకై తన సహోదరుల్లో "ఎక్కువమందికి" ఇష్టుడయ్యాడంటుంది. తల్మూదు ఆ ముక్క దగ్గర ఆగి, ఎక్కువమందికే గాని అందరికీ కాదు, న్యాయసభలో కొందరు ఆయనకి దూరం జరిగారు అని తేల్చేస్తుంది. మొర్దెకై మంచివాడే. కాకపోతే భరించడం కష్టమైన మంచివాడు. హామానుకి నమస్కారం పెట్టనని మొండికేసి ఊరందరినీ ప్రమాదంలో పడేసి, తర్వాత లోపలున్న అమ్మాయికి "నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని కబురు మీద కబురు పంపే పెదనాన్న కొడుకు. ఈ మనిషిలో హాస్యం బయట్నుంచి తెచ్చి పెట్టనక్కర్లేదు.

ఇక అందరూ చెప్పుకునే మాట: హామాను శపితుడు, మొర్దెకై ధన్యుడు అన్న రెండు ముక్కలకీ తేడా తెలియనంతగా పూరీము రోజు తాగాలని రావా చెప్పాడు. హీబ్రూ అక్షరాలకి అంకెలు వేసి కూడితే ఆ రెండు ముక్కలూ 502కే వస్తాయి. ఆ పండగ కోరేదే ఇద్దరి మధ్యా గీత చెరిగిపోవాలని. మొర్దెకైని పీట మీద కూర్చోబెట్టి, హామానుని బురదలో దొర్లిస్తే ఆ గీత చెరగదు, ఇంకా లావెక్కుతుంది.

సినగాగులో గౌరవం, ఇంట్లో గోల

మొర్దెకైకి జరగాల్సిన గౌరవం జరగకుండా పోతుందా అంటే, అది ముందే జరిగిపోతుంది. రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున్న ఒకసారి మెగిల్లా, అంటే ఎస్తేరు గ్రంథం, మొత్తం పది అధ్యాయాలూ హీబ్రూలో చదువుతారు. చదివేవాడు చదువుతుంటే వినేవాళ్లు ఊరకే వింటారు. నాలుగు చోట్ల మాత్రం సభంతా ముందుగా బిగ్గరగా చెబుతుంది, తర్వాత చదివేవాడు అందుకుంటాడు. ఆ నాలుగు వాక్యాల్లో మూడు మొర్దెకైవే: రెండో అధ్యాయంలో షూషను కోటలో మొర్దెకై అనే యూదుడు ఉండేవాడన్న పరిచయం, ఎనిమిదిలో రాజవస్త్రాలతో ఆయన బయటికి రావడం, పదిలో ఆ ఆఖరి వాక్యం. పసిపిల్లలతో సహా అందరి నోటా ఆయన పేరు పలికించిన తర్వాతే పండగ ఇంటికి వస్తుంది.

ఇంట్లో భాష మారుతుంది. తూర్పు యూరప్ ఇళ్లలో అది యిడ్డిష్. మధ్యాహ్నం మొదలైన విందు సాగుతుండగా తలుపు తోసుకుని ఐదారుగురు కుర్రాళ్లు వస్తారు. యెషివా అనే మతపాఠశాలలో చదువుకునేవాళ్లో, దర్జీల దగ్గరా చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరా పని నేర్చుకునేవాళ్లో. నెత్తిన బంగారు కాయితం కిరీటాలు, చేతిలో చెక్క కత్తి, జనపనార గడ్డాలు, లోపలి బొచ్చు బయటికి వచ్చేలా తిరగేసి తొడుక్కున్న కోటు. ముందు వార్తాహరుడు వచ్చి చోటు చేయిస్తాడు. ఆట పావుగంటో అరగంటో. చివర యజమానికి దీవెన, ఆ తర్వాత డబ్బులు. ఇవాళ పూరీము రేపు లేదు, ఒక కాసిచ్చి బయటికి గెంటండి అన్న అర్థంలో ఆ పిల్లలు చదివే జంట పాదాలు పండగ తెలిసినవాళ్లందరికీ నోటికి వచ్చు.

పొద్దున్న హీబ్రూలో కొనియాడిన మనిషి సాయంత్రం యిడ్డిష్‌లో వెకిలిగా వస్తాడు. ఒకటి లేకుండా రెండోది లేదు. ఇప్పటి మర్యాద ష్పిల్ చేస్తున్నదల్లా సినగాగులో జరిగినదాన్నే కాస్త తక్కువ భాషలో, కాస్త తక్కువ గాంభీర్యంతో మళ్లీ జరిపించడం. ఇది మొర్దెకైకి గౌరవం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

నాటకం వేదిక ఎక్కడంతో ఈ తేడా మొదలైందని నా అనుమానం. 1720లో ప్రాగ్‌లో రబ్బీ డేవిడ్ ఓపెన్‌హైమ్ శిష్యులు బూరలూ ఇతర వాద్యాలూ పెట్టి, సరైన రంగస్థలం మీద ఎస్తేరు నాటకం వేశారు. అచ్చు పుస్తకం మొదటి పేజీలోనే ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నారు. వేదిక మీద ఉన్నవాడు దూరంగా, ఎత్తుగా ఉంటాడు. ఎత్తు మీదున్న మనిషి వెకిలి చేష్టలు చేస్తే అవమానంలా ఉంటుంది. అదే చేష్టలు మన బల్ల పక్కన నిలబడి, మన పళ్లెంలో ముక్క తీసి నోట్లో వేసుకుంటూ చేస్తే అతను మన చుట్టమే అవుతాడు.

గుర్రం సీను

మొర్దెకై విదూషకత్వం పరీక్షకి నిలిచేది ఆరో అధ్యాయంలో. తల్మూదు ఈ ఘట్టాన్ని దాదాపు రంగసూచనలతో సహా రాసి పెట్టింది. దాన్ని వాడుకోకపోవడం దండగ.

మొర్దెకైని గుర్రం మీద ఊరేగించమని రాజు ఆజ్ఞాపిస్తే, హామాను రాజవస్త్రాలూ గుర్రమూ తీసుకుని వచ్చేసరికి మొర్దెకై శిష్యులకి దేవాలయంలో పిండి గుప్పెడు తీసే విధి గురించి పాఠం చెబుతున్నాడు. తనని చంపడానికే వచ్చాడనుకుని "మీరు పారిపోండి" అంటాడు. ఏం చదువుతున్నారని హామాను అడిగి తెలుసుకుని, మిమ్మల్ని చంపించడానికి నేను తూచి ఇస్తానన్న పదివేల తలాంతుల వెండిని మీ గుప్పెడు పిండి ఓడించింది అంటాడు. ఎక్కమంటే మొర్దెకై ఎక్కడు. స్నానం చేసి జుట్టు కత్తిరించుకోకుండా రాజు బట్టలు ఎలా కట్టుకుంటానని పేచీ. ఊళ్లో మంగళ్లనీ, స్నానశాలల వాళ్లనీ ఎస్తేరు ముందే పంపించేసింది. హామానే నీళ్లు పోసి, ఇంటికి పోయి కత్తెర తెచ్చి, జుట్టు కత్తిరిస్తూ నిట్టూరుస్తాడు. "ఎందుకా నిట్టూర్పు? కఫర్ కర్జూంలో 22 ఏళ్లు మంగలి పని చేసినవాడివేగా" అనే ధోరణిలో మొర్దెకై దెప్పుతాడు. ఉపవాసాలతో నీరసంగా ఉన్నాను, ఎక్కలేనంటాడు. హామాను వంగుతాడు. మొర్దెకై వాడి వీపు మీద కాలుపెట్టి ఎక్కుతూ ఒక తన్ను తంతాడు. "శత్రువు పడితే సంతోషించకూడదని మీ గ్రంథంలో లేదా?" అని హామాను అడిగితే, అది మాలో మాకు, నీకు వేరే వాక్యం ఉందని దానికీ ప్రమాణం చూపిస్తాడు.

ఈ సంభాషణలో పెద్దమనిషి తరహా ఎక్కడుంది? చిన్నబుద్ధి, పేచీ, పాండిత్యం అన్నీ కలిసిన మనిషి అతను. నవ్వు అక్కడే పుడుతుంది.

ఆడించేటప్పుడు జాగ్రత్తలు కొన్ని చెబుతాను. మొర్దెకై వేషగాడు సన్నగా, హామాను వేషగాడు దిట్టంగా ఉండాలి. దిట్టంగా ఉన్నా సరే, హామాను నాలుగు కాళ్ల మీద ఉన్నప్పుడు మొర్దెకై నిజంగా కూర్చోకూడదు. బరువు తన పాదాల మీదే ఉంచి, కోటు అంచులతో అది కనిపించకుండా కప్పుకోవాలి. మోకాళ్ల కింద మందపాటి గుడ్డ కట్టుకోకపోతే రెండో ఇంటికి వెళ్లేసరికి హామాను కుంటుతాడు. బల్లల మధ్య తిరగడం రెండు చుట్లు చాలు. మూడో చుట్టుకి నవ్వు ఆరిపోతుంది, గాజు గ్లాసొకటి పగులుతుంది. హామాను కూతురు మేడ మీంచి చూసి, నడిపించేవాడు మొర్దెకై అనుకుని మరుగుదొడ్డి కుండ తండ్రి నెత్తిన కుమ్మరించే ముక్క వదలొద్దు. రాజు వేషగాడే నెత్తిన రుమాలు కట్టుకుని కుర్చీ ఎక్కితే సరిపోతుంది. కుండలో నీళ్లు పోస్తే నేల జారి మిగతా ఆటంతా పాడవుతుంది. పిండి పోస్తే హామానుకి దగ్గు వచ్చి మాట రాదు. చింపిన రంగు కాయితాలు మేలు, ఊడ్చుకోవడం కూడా సులువు.

హామాను మాత్రం ఈ సీను దాకా ఒక్క నవ్వు కూడా పుట్టించకూడదు. చాలా ష్పిల్‌లు దెబ్బతినేది ఇక్కడే. మూడు మూలల టోపీ పెట్టి, ముక్కుతో మాట్లాడిస్తూ మొదటి నిమిషం నుంచీ వాణ్ణి కోతిని చేస్తారు. అప్పటికే కోతి అయినవాడు గుర్రం పగ్గం పట్టుకుంటే కొత్తగా పడిపోయేదేముంది? హామానుని నెమ్మదిగా, తెలివిగా, భయం పుట్టేలా ఆడించాలి. ఆ రాజ్యంలో ఒక జాతి ఉంది, వాళ్ల చట్టాలు వేరు, వాళ్లని ఉండనివ్వడం రాజుకి లాభం కాదని మూడో అధ్యాయంలో వాడు చెప్పే మాట మామూలు గొంతుతో చెప్పిస్తే చాలు, బల్ల దగ్గర పెద్దవాళ్లు తినడం ఆపుతారు.

హామాను పేరుతో ఇంకో చిక్కు ఉంది. మెగిల్లాలో ఆ పేరు 54 సార్లు వస్తుంది. పేరు వినపడితే చాలు, దాన్ని గోలలో ముంచేయడానికి పిల్లలు గరగరమనే గిలక తిప్పుతారు. అదే అలవాటు ష్పిల్‌లోకీ వస్తుంది కాబట్టి పాఠం రాసేటప్పుడే పేరు ఎనిమిదిసార్లకి మించకుండా చూసుకోవాలి. వచ్చినప్పుడు కూడా మొదటి పాదం చివర రావాలి. గోల అణిగాక రెండో పాదం, దాని ప్రాసా శుభ్రంగా వినపడతాయి. పేరు రెండో పాదం మధ్యలో పెడితే ప్రాస గిలకల్లో కలిసిపోతుంది. అరగంట ఆటకి రెండు పాదాల జంటలు 200 సరిపోతాయి. మొర్దెకైకి అందులో 70కి తగ్గకూడదు.

గోనెపట్ట

మొర్దెకైని విదూషకుణ్ణి చేస్తే నాలుగో అధ్యాయం ఎలా ఆడతారని అడిగితే, అది సరైన ప్రశ్నే. యూదులందరినీ చంపమన్న శాసనం వెలువడింది, ఆయన బట్టలు చింపుకుని, గోనెపట్ట కట్టుకుని, బూడిద పోసుకుని నగరం నడుమ గట్టిగా ఏడుస్తాడు. అప్పటిదాకా ఆ నోరు తెరిస్తే నవ్విన జనం అక్కడ కూడా నవ్వితే?

నవ్వుతారు. మొదట నవ్వుతారు. అందుకే ఈ సీనుకి గట్టి కొలత కావాలి. గోనెపట్ట కట్టుకున్నవాడు రాజు గుమ్మం లోపలికి రాకూడదని గ్రంథం చెబుతోంది. కాబట్టి మొర్దెకైని నిజంగానే భోజనాల గది గుమ్మం బయట నిలబెట్టాలి. తిరగేసిన కోటు విప్పి లోపల పడేస్తాడు, గడప దాటి అవతల నిలబడతాడు. ఎస్తేరు లోపల్నుంచి బట్టలు పంపుతుంది, అతను తీసుకోడు. కబుర్లు మోసేవాడు రెండుసార్లు అటూ ఇటూ నడుస్తాడు. ఈ భాగంలో పాట వద్దు, ప్రాస వద్దు, వార్తాహరుడు నోరు విప్పకూడదు. మొదటి పది సెకన్లు ఎవరో కిసుక్కుమంటారు. ఇరవైకి ఆగిపోతుంది. ఇంతసేపూ తమ పళ్లాల్లో చేయి పెట్టిన మనిషి బయట చలిలో ఉన్నాడని పిల్లలు ముందు గమనిస్తారు. ఒక్కోసారి ఎవరో లేచి వెళ్లి చేయి పట్టుకుని లోపలికి లాగుతారు. లాగనివ్వాలి, అతను మాత్రం కదలకూడదు.

బృందాలకి ఈ అరనిమిషం నిశ్శబ్దం అంటే హడల్. ఏదో మరిచిపోయారనుకుంటారేమోనని పక్కనుంచి ఎవరో ఒక చతురోక్తి విసురుతారు, సీను పోతుంది. సాధన చేసేటప్పుడు మాటల కన్నా ఈ మౌనాన్నే ఎక్కువసార్లు సాధన చేయించాలి. మొదటినుంచీ గంభీరంగా ఉన్న మొర్దెకై గోనెపట్ట కట్టుకుంటే జనం ఊహించిందే జరుగుతుంది, ఎవరి చెంచా ఆగదు. ఈ ఒక్క సీను కోసమైనా అతను ముందు వెకిలిగా ఉండాలి.

ఎదురుమాటలు

ఇంత చెప్పాక కూడా నన్ను కాస్త ఆపేవి కొన్ని ఉన్నాయి.

1946 మార్చిలో, జర్మనీలో లాండ్స్‌బర్గ్ నిరాశ్రయుల శిబిరంలో బతికి బయటపడ్డ యూదులు పూరీము చేసుకున్నారు. హిట్లర్ వేషాలు కట్టారు, హిట్లరునే హామానుగా ఊరేగించారు. ఏడాది కిందటి దాకా శవాల మధ్య ఉన్న మనుషులు వాళ్లు. అక్కడికి వెళ్లి మీరు నవ్వాల్సింది మొర్దెకైని అని ఎవరు చెప్పగలరు? చెప్పకూడదు కూడా. శత్రువు బొమ్మ చేసి తగలబెట్టడం ఈ పండగలో చాలా పాతది. హామాను బొమ్మని శిలువని ఎగతాళి చేసేట్టు తగలబెడుతున్నారంటూ రోమన్ చక్రవర్తి రెండో థియోడోసియస్ 408లో నిషేధం పెట్టాడు. శత్రువు మీది నవ్వుకీ దాని చోటు ఉంది. అది ఊరేగింపులో, వీధిలో, బొమ్మ దగ్గర. ష్పిల్ పని వేరు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లని వాళ్లకే చూపించడం.

యుద్ధం తర్వాత ష్పిల్‌ని మళ్లీ నిలబెట్టినవాళ్లలో బొబొవ్ హసిదీలనే భక్త సంప్రదాయం వాళ్లు ముఖ్యులు. వాళ్ల రెబ్బే, అంటే గురువు, ష్లోమో హాల్బర్‌స్టామ్ భార్యనీ ఇద్దరు బిడ్డల్నీ పోగొట్టుకుని అమెరికా చేరినవాడు. బ్రూక్లిన్‌లో వాళ్లు పూరీము రాత్రి మొదలుపెట్టిన ఆట తెల్లవారుజాము దాకా సాగుతుంది, అందులో ఏడిపించే కథలూ ఉంటాయి. దుఃఖం ఉన్నచోట ష్పిల్ కుదరదన్న మాటని వాళ్లు ఒప్పుకోలేదన్నది మాత్రం స్పష్టం.

రెండో ఎదురుమాట పెద్దల్ని గురించి. మొర్దెకై పేరుతో ఊరి పెద్దల్ని ఆడిపోసుకుంటారనే భయం కొత్తది కాదు. హాంబర్గ్ యూదుల సంఘం 1728లో ష్పిల్‌లనే నిషేధించింది. భయం నిజమే, కానీ నిషేధం దానికి మందు కాదు. పంతొమ్మిదో శతాబ్దపు వొలొజిన్ యెషివాలో పూరీముకి విద్యార్థుల్లో ఒకణ్ణి ఒక్కరోజు అధిపతిగా కూర్చోబెట్టేవాళ్లు. వాడు అసలు గురువుల ఎదుటే వాళ్లని అనుకరిస్తూ వాయించేవాడు. ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద చదువుల చోటు లేదు. మొర్దెకై చేత కూడా అలా మూడు నిమిషాల ప్రసంగం చేయించాలి. తల్మూదు పద్ధతిలో, నిజమైన వాక్యాలు చూపించి, తప్పుడు చోటికి చేరే తర్కం. పద్నాలుగో శతాబ్దంలో కలోనిమస్ అనే యూదు రచయిత ఆ పద్ధతిలో పూరీము మీద ఒక హాస్య శాస్త్రగ్రంథమే రాశాడు. ఎవరిని అనొచ్చన్నదానికి నా గీత ఇది: అక్కడ కూర్చుని ఉన్నవాళ్లలో పెత్తనం ఉన్నవాళ్లని మాత్రమే. రబ్బీని, సంఘం అధ్యక్షుణ్ణి, విందు ఇచ్చిన యజమానిని. లేనివాళ్లని, ఆ ఏడు ఇంట్లో చావు చూసినవాళ్లని, కొత్తగా మతంలోకి వచ్చినవాళ్లని, అక్కడ లేనివాళ్లని ముట్టుకోకూడదు. ఈ గీత దాటిన బృందానికి మరుసటి ఏడు తలుపు తెరవరు.

మూడోది తొమ్మిదో అధ్యాయం. షూషనులో మొదటి రోజు 500 మంది, రెండో రోజు 300 మంది, సంస్థానాల్లో 75,000 మంది చంపబడ్డారని గ్రంథం. మర్యాద ష్పిల్‌లు దీన్ని దాటేస్తాయి, పిల్లల ముందు ఎలా చెబుతామని. పవిత్రుడైన మొర్దెకై చేతిలో ముద్రవేసే ఉంగరం పెట్టి ఆ అధ్యాయం ఆడితే అది ప్రతీకారానికి ఆశీర్వాదం అవుతుంది, అది వాళ్లకీ తెలుసు. 1994లో పూరీము రోజునే హెబ్రోనులో నమాజు చేసుకుంటున్న 29 మందిని ఒకడు కాల్చి చంపాడు. ఆ తేదీ తర్వాత ఈ అధ్యాయాన్ని తేలిగ్గా తీసుకోవడం ఎవరికీ కుదరదు. విదూషకుడైన మొర్దెకై అయితే ఆ ఉత్తరం రాయడానికి కూర్చోగలడు, అంకె దగ్గర కలం ఆపగలడు, లెక్క మళ్లీ చదవమని రాయసగాణ్ణి అడగగలడు. నవ్వు అక్కడ రాదు. నవ్వించే మనిషికి నవ్వు రాలేదని అందరికీ తెలుస్తుంది. పెద్దమనిషి మొర్దెకైకి ఈ వెసులుబాటు లేదు.

పిల్లల సంగతిలో మాత్రం నేను పూర్తిగా స్థిరపడలేదు. ఆరేళ్ల పిల్లకి పొద్దున్న విన్నదీ సాయంత్రం చూసినదీ కలవకపోవచ్చు. బూతు పాతకాలపు మోతాదులో ఇప్పుడు ఏ ఇంట్లోనూ చెల్లదు, చెల్లనక్కర్లేదు కూడా. తిండియావ, పేచీ, అతితెలివి, అడక్కుండా ఇచ్చే సలహా, ఈ నాలుగూ చాలు ఒక మొర్దెకైకి.

వేషం ఎవరికి

బృందంలో అందరికన్నా బాగా నవ్వించేవాడికి ఈ వేషం ఇస్తారు. ఇవ్వకూడదు. వాడు హామాను వచ్చినప్పుడూ నవ్విస్తాడు, గుమ్మం బయటా నవ్విస్తాడు, ఆపడం వాడి చేతిలో ఉండదు. మెగిల్లా కంఠతా వచ్చినవాడికి ఇవ్వాలి. యజమాని అడ్డం వచ్చినా, పిల్లాడు కిరీటం లాక్కున్నా, పొరుగింటివాళ్లు మధ్యలో ఊడిపడినా అతని దగ్గర అప్పటికప్పుడు ఒక వాక్యం ఉంటుంది, దాన్ని వంకరగా వాడతాడు. రాజు వెళ్లగొట్టిన మొదటి రాణి వష్తినీ, ఎస్తేరునీ ఒకే కుర్రాడికి ఇవ్వండి, రెండు కిరీటాలు మార్చుకుంటాడు. రాజుకి పాదాలు తక్కువ, తాగడం ఎక్కువ. గ్లాసులో ద్రాక్షరసం పోయండి, నిజం మద్యం ఆఖరి ఇంటి తర్వాతే. నాలుగో ఇంటికి వెళ్లేసరికి పాదాలు తడబడ్డ బృందాలు చాలావరకు మూడో ఇంట్లో యజమాని పోసింది తాగినవే.

డబ్బులు అడిగే పని వార్తాహరుడిది అంటారు. అది కూడా మొర్దెకైకే ఇవ్వండి. తొమ్మిదో అధ్యాయంలో పేదలకి కానుకలు ఇవ్వమని రాసి పంపింది ఆయనే కాబట్టి టోపీ పట్టుకుని తిరిగే హక్కు ఆయనదే. వచ్చిన దాంట్లోంచి సూర్యుడు అస్తమించేలోగా కనీసం ఇద్దరు పేదవాళ్లకి ముట్టేలా చూసుకోండి. ఆట మరీ సాగదీస్తే ఆ గడువు దాటిపోతుంది, అందుకనే అరగంటకి మించొద్దన్నది.